అద్దం పైకెళ్లింది, కిందికి రాలేదు

కెమెరా సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విజయవాడ, గుంటూరు వైపు పాత స్టూడియోల బీరువాల్లోంచి 120 ఫిలిం కెమెరాలు మళ్లీ బయటికి వస్తున్నాయి. ఈ నెల ఉత్తరాలన్నీ వాటి మిర్రర్ గురించే, అంటే లెన్సు బొమ్మను పైన చూసే వ్యూఫైండర్‌కు మళ్లించే లోపలి అద్దం గురించే. జవాబులకు ముందు ఒక్క మాట. ఇరుక్కున్న మిర్రర్‌ను వేలితో కిందికి నొక్కకండి. దాన్ని పట్టి ఉంచే మీటలు సన్నటివి. ఒక్కసారి వంగాయంటే ఫోకస్ శాశ్వతంగా తప్పుతుంది.

ప్రశ్న: నాన్నగారి హాసెల్‌బ్లాడ్ 500సీ/ఎం నా చేతికొచ్చింది. క్లిక్ చేయగానే వ్యూఫైండర్ చీకటైపోతోంది. మిర్రర్ స్ప్రింగు పోయింది, మార్చాలని ఒక మెకానిక్ చెప్పారు. మార్పించమంటారా? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: వద్దండీ, ఆ స్ప్రింగు జోలికి ఎవర్నీ పోనివ్వకండి. ఆ కెమెరా తీరే అంత. క్లిక్ తర్వాత మిర్రర్ పైనే ఆగుతుంది. పక్కనున్న క్రాంక్‌ను (తిప్పే పిడిని) ఒక పూర్తి చుట్టు తిప్పితే ఫిలిం జరుగుతుంది, లెన్సులోని షట్టర్ బిగుస్తుంది, మిర్రర్ దిగుతుంది. ఈ మూడు పనులూ ఆ ఒక్క చుట్టులోనే జరుగుతాయి. పెంటాకాన్ సిక్స్, బ్రోనికా ఈటీఆర్‌ఎస్, బ్రోనికా ఎస్‌క్యూ కూడా ఇంతే. ఫిలిం తిప్పితే గానీ వెలుగు రాదు. మామియా ఆర్‌బీ67లో పక్కనున్న పెద్ద మీటను లాగితే మిర్రర్ దిగుతుంది. పెంటాక్స్ 67, మామియా 645 మాత్రం 35 ఎం.ఎం. కెమెరాల్లా మిర్రర్‌ను తమంతట తామే దించుతాయి. వాటిలో చీకటి నిలిచిపోతే అప్పుడు అనుమానించాలి.

మీ కెమెరాలో గమనించాల్సింది ఇంకోటి ఉంది. ఫిలిం ముందు రెండు రెక్కల తలుపు ఉంటుంది. బొత్తం వదలగానే అది మూసుకుంటుంది. 1/500 సెకను దగ్గర దీనితో ఇబ్బంది లేదు. అర సెకను, ఒక సెకను పెట్టినప్పుడు లెన్సు షట్టర్ మూసుకున్న శబ్దం వినిపించేదాకా బొత్తం నొక్కే ఉంచాలి. ముందే వదిలేస్తే రెక్కలు పడి ఎక్స్‌పోజర్ మధ్యలోనే తెగుతుంది. నెగటివ్ పల్చగా వస్తే చాలామంది లెన్సును తిడతారు, తప్పు మాత్రం వేలిది.

ప్రశ్న: అదే మోడల్ కెమెరా. క్రాంక్ తిరగడం లేదు, బొత్తం దిగడం లేదు, లెన్సు ఊడి రావడం లేదు. లెన్సుకూ బాడీకీ మధ్య, దగ్గరి ఫొటోల కోసం పెట్టే ఎక్స్‌టెన్షన్ ట్యూబు ఉంది. (గవర్నర్‌పేట, విజయవాడ)

జవాబు: ముందు తేలికైనది చూడండి. మ్యాగజైన్‌లో, అంటే వెనక తగిలించే ఫిలిం పెట్టెలో, వెలుగుకు అడ్డు పెట్టే డార్క్ స్లైడ్ రేకు ఉండిపోతే బొత్తం దిగదు. అది లేదని తేలాక, లెన్సు ఒక స్థితిలో బాడీ ఇంకో స్థితిలో ఉండిపోయాయని అర్థం. ఈ కెమెరాలో లెన్సును బిగించాలన్నా తీయాలన్నా లెన్సూ బాడీ రెండూ వైండ్ అయి (స్ప్రింగు బిగిసి) ఉండాలి. ట్యూబు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు వరస తప్పితే ఇలా పట్టేస్తుంది. అందుకే బిగించేటప్పుడు బాడీకి ముందు ట్యూబు, ఆ తర్వాత లెన్సు. తీసేటప్పుడు ముందు లెన్సు, ఆ తర్వాత ట్యూబు.

విడిపించాలంటే మ్యాగజైన్ తీసి, కెమెరా వెనకనుంచి టార్చి వేసి చూడండి. లెన్సు వెనక కింది భాగంలో ఓ పక్కకు, గాటు ఉన్న ఇరుసు కనిపిస్తుంది. సన్నటి పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, కొన మాత్రం వదిలి కాడంతా మాస్కింగ్ టేపు చుట్టండి. లెన్సు వెనక గాజుకు తగిలినా గీత పడకూడదు. కొనను గాటులో కూర్చి, గడియారం తిరిగే వైపు నింపాదిగా తిప్పండి. స్ప్రింగు బిగుస్తున్నట్టు చేతికి తెలుస్తుంది. దాదాపు ఒక చుట్టులోపే టక్కున ఆగుతుంది. అప్పుడు లెన్సు మామూలుగానే ఊడివస్తుంది. గాటు కనిపించకపోయినా, బలంగా ఎదురు తన్నుతున్నా అక్కడితో ఆపి తెలిసినవారి చేతికివ్వండి. ఇది బలంతో అయ్యే పని కాదు.

ప్రశ్న: మామియా ఆర్‌బీ67. బొత్తం నొక్కితే మిర్రర్ ధడేల్‌మని పైకెళ్తోంది గానీ లెన్సు షట్టర్ తెరుచుకోవడం లేదు. (మంగళగిరి)

జవాబు: లెన్సు పక్కన కేబుల్ రిలీజ్ (చేయి తగలకుండా షట్టర్ నొక్కే తీగ) బిగించే చిన్న గుబ్బ ఉంటుంది. దాని మీద ఎన్, ఎం అనే అక్షరాలు చూడండి. అది ఎం వైపు తిరిగి ఉంటే బాడీ బొత్తం మిర్రర్‌ను మాత్రమే లేపుతుంది. షట్టర్‌ను ఆ గుబ్బలో బిగించిన కేబుల్‌తో విడిగా నొక్కాలి. అదురు లేకుండా ఫొటో తీయడానికి పెట్టిన ఏర్పాటు అది. ఇప్పుడు కేబుల్ బిగించి నొక్కితే షట్టర్ కొట్టుకుంటుంది. తర్వాత గుబ్బను ఎన్‌కు తిప్పి, మీట లాగి మళ్లీ ప్రయత్నించండి. ఎన్‌లో కూడా షట్టర్ పలకకపోతే లెన్సు లోపల జిడ్డు గట్టిపడిందేమో చూడాలి. అది షట్టర్ జబ్బు, మిర్రర్‌ది కాదు.

ప్రశ్న: పెంటాక్స్ 67 మిర్రర్ పైకెళ్లి అక్కడే ఉండిపోతోంది. నిన్నటిదాకా బాగానే ఉంది. (లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: నిన్నటిదాకా బాగుండి ఇవాళ ఉన్నట్టుండి ఆగిందంటే ముందు సెల్లు చూడాలి. ఈ కెమెరా షట్టర్ కరెంటు మీద నడుస్తుంది. 6 వోల్టుల 4ఎస్ఆర్44 సెల్లు బలం తగ్గితే మిర్రర్ లేస్తుంది గానీ షట్టర్ కదలదు. షట్టర్ కదలకపోతే మిర్రర్ దిగదు. సిల్వర్ ఆక్సైడ్ సెల్లు కొత్తగా ఉన్నప్పుడు మీటరు దాదాపు 6.2 వోల్టులు చూపిస్తుంది. చివరిదాకా ఇంచుమించు అక్కడే నిలిచి, ఆఖరున ఒక్కసారిగా పడిపోతుంది. నిన్న పనిచేసి ఇవాళ మొరాయించడానికి కారణం అదే. ఆల్కలైన్ రకం 4ఎల్ఆర్44 వోల్టేజి మొదటినుంచీ కొంచెం కొంచెంగా దిగుతూ ఉంటుంది. పనికొస్తుంది కానీ పెళ్లి ఫొటోలకు దాన్ని నమ్ముకోవద్దు.

అసలు సెల్లు దొరక్కపోతే గడియారాల కొట్లో దొరికే ఎల్ఆర్44 బిళ్లలు నాలుగు పేర్చుకోవచ్చు. ఒక్కో బిళ్ల మందం 5.4 మి.మీ., నాలుగూ కలిపి 21.6. అసలు సెల్లు పొడవు 25.2 మి.మీ. కనుక 3.6 మి.మీ. ఖాళీ మిగులుతుంది. వంటింటి అల్యూమినియం రేకును గట్టిగా మడిచి ఆ ఖాళీలో పెట్టండి. బిళ్లల వెడల్పు 11.6 మి.మీ. మాత్రమే. అసలు సెల్లు 13 మి.మీ. ఉంటుంది కాబట్టి చుట్టూ కాగితం చుడితే కదలవు. రేకు అంచు పక్కకు పొడుచుకొచ్చి గోడకు తగలకుండా చూసుకోండి.

సెల్లు గదిలో ఆకుపచ్చ, తెల్లటి పొడి కనిపిస్తే పుల్లకు చుట్టిన దూదిని వెనిగర్‌లో తడిపి తుడవండి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడిచి ఆరనివ్వండి. మంచి సెల్లు వేసి, కొనలు మెరిసేలా చేశాక కూడా మిర్రర్ దిగకపోతే అప్పుడు మెకానిక్.

ప్రశ్న: మామియా 645 1000ఎస్. పొద్దున బాగానే పనిచేస్తుంది. మధ్యాహ్నం ఎండలో మిర్రర్ పైన అతుక్కుని నెమ్మదిగా ఊడినట్టు దిగుతోంది. కొత్త సెల్లు వేసినా అంతే. వ్యూఫైండర్‌లో బొమ్మ పడే స్క్రీన్ మీద నల్లటి ముక్కలు కూడా పడుతున్నాయి. (వన్‌టౌన్, విజయవాడ)

జవాబు: మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. నల్లటి ముక్కలు ఎక్కడివో చూడండి. లెన్సు తీసి మిర్రర్ పెట్టె పైఅంచు చూస్తే, మిర్రర్ వచ్చి తగిలేచోట సన్నటి స్పాంజి పట్టీ ఉంటుంది. అగ్గిపుల్ల కొన ఆనించి లాగండి. తీగలా సాగితే స్పాంజి చచ్చినట్టే. పాలీయురెథేన్ స్పాంజి గాలిలోని తేమకు మెల్లగా విరిగి తారులా మారుతుంది. కృష్ణ ఒడ్డున మే నెల ఎండ, దాని వెనకే వానాకాలం తేమ. స్పాంజికి ఇంతకన్నా శత్రువు లేదు. తారు వేడికి మెత్తబడి మిర్రర్ అంచును పట్టుకుంటుంది. పొద్దున చల్లగా గట్టిపడి ఉంటుంది కనుక వదిలేస్తుంది.

మార్చడం ఇంట్లో చేసుకోవచ్చు, ఓపిక ఉంటే. కావాల్సినవి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వెదురు టూత్‌పిక్‌లు, దూది, సన్నటి ట్వీజర్స్, కొత్త స్పాంజి. సర్జికల్ స్పిరిట్ వద్దు, ఆరాక పొర మిగులుస్తుంది. లెన్సు తీసి, మిర్రర్ మీద, వెనక షట్టర్ తెర మీద టిష్యూ కప్పండి. కెమెరాను తలకిందులుగా పట్టుకుంటే రాలిన ముక్కలు మిర్రర్ మీద పడవు. టూత్‌పిక్ కొనను ఆల్కహాల్‌లో ముంచి, విదిలించి, పాత స్పాంజిని తడపండి. బొట్టు కారేంత తడి ఉండకూడదు. రెండు మూడు నిమిషాలు నాననిచ్చి వెదురు కొనతోనే గీకండి. ఇనుప పనిముట్టు పెడితే నల్ల రంగు లేచిపోయి లోపల మెరుపు మొదలవుతుంది. దూది నల్లబడకుండా తెల్లగా వచ్చేదాకా తుడవాలి. కొంచెం జిగురు మిగిలినా కొత్త పట్టీ జారుతుంది.

కొత్త స్పాంజి మందం దగ్గరే అందరూ పొరపాటు చేస్తారు. నలిగిపోని మూల ఏదైనా మిగిలి ఉంటే తీసేముందే కొలవండి. లేకపోతే పట్టీ కూర్చునే గాడి లోతు చూసి అంచనా వేయాలి. మెత్తగా వేలికి నలిగే రకం కావాలి. తలుపు సందులకు అతికించే పట్టీ గట్టిది, వద్దు. స్పాంజి మరీ మందమైతే మిర్రర్ పూర్తిగా పైకి చేరదు. షట్టర్‌ను వదిలే మీట మిర్రర్ ప్రయాణం చివర్లోనే తగులుతుంది, కాబట్టి మిర్రర్ లేచినా షట్టర్ పలకదు. మరీ పల్చనైతే గట్టిగా కొట్టుకుని అదురుతుంది. మిర్రర్ అంచు సందులోంచి వ్యూఫైండర్ వెలుగు లోపలికి దిగి నెగటివ్ ఒక అంచు మసకబారుతుంది. అతికించాక ఒక రాత్రి లెన్సు లేకుండా, కెమెరా నోటికి మూత పెట్టి వదిలేయండి. మర్నాడు ఫిలిం లేకుండా 1/60 దగ్గర ఇరవై సార్లు కొట్టి చూసి, ఆ తర్వాతే రీలు వేయండి.

ప్రశ్న: వ్యూఫైండర్‌లో మచ్చలు, దుమ్ము కనిపిస్తున్నాయి. ఫొటోలో పడతాయా? (పటమట)

జవాబు: పడవు. ఫొటో తీసే క్షణానికి మిర్రర్ పక్కకు తప్పుకుంటుంది. రెండు లెన్సుల కెమెరాలో అయితే మిర్రర్ పై లెన్సుదే, ఫిలిం వైపు దానికి దారే లేదు. గాలి బుడ్డితో ఊదండి, పోయినంత పోనివ్వండి.

ప్రశ్న: యాషికా మ్యాట్ 124జీ, రెండు లెన్సుల కెమెరా. పైన చూస్తే బొమ్మ బాగా మసకగా ఉంది. లోపలి అద్దం అంచుల్లో నల్లగా పొట్టు లేచింది. తెనాలిలో అద్దాల కొట్లో కోయించి వేసుకోవచ్చా? (తెనాలి)

జవాబు: 1970 నుంచి 1986 వరకు తయారైన మంచి కెమెరా అది. బాగుచేసుకోండి, కానీ ఆ అద్దంతో కాదు. ఇంటి అద్దానికి పూత గాజు వెనక ఉంటుంది. కెమెరా అద్దానికి పూత ముందే ఉంటుంది. తేడా తెలుసుకోవడానికి కాగితం మూలను అద్దానికి ఆనించి పక్కనుంచి చూడండి. కాగితం కొనా అద్దంలోని దాని ప్రతిబింబమూ తాకుతుంటే ముందు పూత. మధ్యలో సందు కనిపిస్తే వెనక పూత. వెనక పూత అద్దం వేస్తే గాజు ముందు ముఖం నుంచి ఇంకో పల్చటి బొమ్మ వస్తుంది. దీపాలకు రెండేసి ప్రతిబింబాలు కనిపిస్తాయి, ఫోకస్ కూడా తప్పుతుంది.

మార్చకముందు ఒకసారి శుభ్రం చేసి చూడండి. పైన తెరుచుకునే హుడ్ మొదట్లోని నాలుగు చిన్న స్క్రూలు విప్పాలి. అవి జపాన్ కొలత స్క్రూలు. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ సరిగ్గా కూర్చోక తలలు అరుగుతాయి, జేఐఎస్ డ్రైవర్ కొనుక్కోండి. స్క్రీన్ తీసేముందు ఏ ముఖం పైకి ఉందో, ఏ అంచు ముందుకుందో ఫోనుతో ఫొటో తీసుకోండి. స్క్రీన్ ప్లాస్టిక్. దానికి ఆల్కహాల్ తగలనివ్వకూడదు, గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క సబ్బు చాలు.

అద్దాన్ని ముందు ఊదండి. ఇన్వర్టర్ బ్యాటరీ కొట్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో దూదిని తడిపి, పిండి, అద్దం మీద పెట్టి దాని బరువుతోనే దొర్లించండి. నొక్కకూడదు, రుద్దకూడదు. ఒక్కో దూదిని నడిమి నుంచి అంచుకు ఒక్కసారే దొర్లించి పారేయండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇదే వరస. బట్ట మాత్రం ఎంత మెత్తనిదైనా వద్దు. ఆ పూత మనం అనుకునేదానికన్నా చాలా పల్చన, ధూళికణం ఒక్కటి చాలు గీత పడటానికి. నల్లబడ్డ చోట పూతే లేదు కాబట్టి ఏ మందూ దాన్ని వెనక్కి తేలేదు.

కొత్తది కావాలంటే ముందు పూత అద్దాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించి కోయించాలి. మీ అద్దం నలుచదరం కాదు, ఒక అంచు ఇంకో అంచు కన్నా చిన్నది. పాతదాన్ని కాగితం మీద పెట్టి గీసుకోండి. కోసేవారికి పూత వైపు కిందికి ఉంచి, వెనక ముఖం మీదే డైమండు గీయమని చెప్పండి. ఇక మందం. వెర్నియర్‌తో కొలిచి అదే మందం తెప్పించండి. అద్దం ముఖం 45 డిగ్రీల వాలులో ఉంటుంది కాబట్టి అది 0.5 మి.మీ. వెనక్కి జరిగితే బొమ్మ పడేచోటు దాదాపు 0.7 మి.మీ. మారుతుంది. మీ ఫొటో లెన్సు కన్నం (అపర్చర్) ఎఫ్ 3.5. నెగటివ్ మీద 0.05 మి.మీ. మసకను ఓర్చుకుంటే ఫిలిం దగ్గర తప్పుకు అనుమతి 0.17 మి.మీ. మాత్రమే, అద్దం దగ్గర 0.12. ఒక జిరాక్స్ కాగితం మందం ఇంచుమించు 0.1 మి.మీ. మొత్తం మీద మీకున్న వెసులుబాటు ఒక కాగితమంత. అందుకే అద్దాన్ని టేపుతోనో ఫెవిక్విక్‌తోనో అతికించకండి. పాత క్లిప్పుల్లోనే కూర్చోవాలి.

ప్రశ్న: హాసెల్‌బ్లాడ్‌లో కళ్ల మీద ఫోకస్ పెడితే నెగటివ్‌లో చెవులు స్పష్టంగా వస్తున్నాయి. లెన్సు మార్చినా ఇదే. (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: లెన్సు మార్చినా తప్పు అదే వైపు ఉందంటే మిర్రర్ కిందికి కుంగింది. ఆ కెమెరాలో మిర్రర్ గాజు వెనక స్పాంజి ఉంటుంది, గాజును క్లిప్పులకు ఆనించి పట్టుకునేది అదే. స్పాంజి పొడైతే గాజు వెనక్కి వాలుతుంది. అప్పుడు స్క్రీన్‌కు వెళ్లే దారి పొడవై, ఫిలిం మీద ఫోకస్ మనిషి వెనక్కి జారుతుంది. చెవులకు బదులు ముక్కు స్పష్టంగా వచ్చుంటే గాజు పైకి లేచిందని అర్థం.

ఖాయం చేసుకోవడానికి సీతానగరం వైపు ఒడ్డుకు వెళ్లండి. ప్రకాశం బ్యారేజీ పొడవే 1,223.5 మీటర్లు. అవతల ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడి మీ 80 ఎం.ఎం. లెన్సుకు అనంత దూరమే. లెన్సును అనంతం గుర్తు దగ్గర ఆగేదాకా తిప్పి చూడండి. గుడి స్పష్టంగా కనిపించక, ఇంకొంచెం తిరిగితే బాగుండుననిపిస్తే మిర్రర్ కుంగింది. గుర్తుకు ముందే స్పష్టమై ఆ తర్వాత చెదిరితే లేచింది.

ఇంట్లో రెండో పరీక్ష. మ్యాగజైన్ తీసి ఆ చోట సరైన ఫోకసింగ్ స్క్రీన్ అమర్చే పరికరం ఉంటే మంచిది. యాషికా లాంటి కెమెరాలో వెనక తలుపు తీసి, 60 మి.మీ.కు కోసిన గాజు పట్టీకి ఒక వైపు మసక టేపు అంటించండి. ఫిలిం గేటు లోపలి పట్టాల మీద టేపు వైపు లెన్సుకు చూసేలా ఆనించండి. స్టాండు మీద, అపర్చర్ పూర్తిగా తెరిచి, నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉంచే బీ గుర్తు మీద కేబుల్‌ను లాక్ చేయండి. ఒకటిన్నర మీటరు దూరంలో వాలుగా పెట్టిన స్కేలు మీద 20 సెం.మీ. గీతకు పైనున్న వ్యూఫైండర్‌లో చూసి ఫోకస్ చేసి, వెనక గాజు మీద ఎనిమిది రెట్ల భూతద్దం (లూప్)తో ఏ గీత స్పష్టమో చూడండి. మూడుసార్లు కొత్తగా ఫోకస్ చేసి మూడుసార్లూ ఒకే తేడా వస్తేనే నమ్మండి. 124జీ వాడేవారు మిర్రర్‌ను అనుమానించే ముందు వెనక తలుపు లోపలి ప్రెషర్ ప్లేటు (ఫిలింను అదిమే పలక) 12కు ఉందో 24కు ఉందో చూడండి. 24 అన్నది 220 ఫిలింకి. 120 రీలు వేసుకుని అక్కడ వదిలేస్తే తప్పు మిర్రర్‌ది కాదు.

హాసెల్‌బ్లాడ్ మిర్రర్ వెనక స్పాంజి మార్చడం మాత్రం ఇంటి పని కాదు. గాజు తీసి పెట్టాక మళ్లీ కొలతలకు సరిచూడాలి. దానికి పరికరం ఉన్నవారికే ఇవ్వండి.

ప్రశ్న: ఉండవల్లి గుహల్లో వెలుగు తక్కువ. పెంటాక్స్ 67తో 1/15 దగ్గర స్టాండు మీద తీసినా బొమ్మలు అదిరాయి. మిర్రర్ లోపమా? (తాడేపల్లి)

జవాబు: లోపం కాదండీ, దాని బరువు. 6×7 ఫిలింకి సరిపడే మిర్రర్ లేచి కొట్టుకుంటే స్టాండు కూడా కదులుతుంది. 1/30 నుంచి 1/4 సెకను మధ్య దీని దెబ్బ ఎక్కువ. ఒక సెకను దాటితే అదురు సాగే సమయం మొత్తంలో చిన్న ముక్క కనుక కనిపించదు. 1969లో వచ్చిన మొదటి మోడల్‌కు మిర్రర్ లాక్ లేదు. 1976 తర్వాతి మోడల్‌కు ఉంది, మిర్రర్ పెట్టె పక్కన జారుడు మీట. మీది రెండోదైతే ఆ మీట జరిపి, రెండు మూడు సెకన్లు ఆగి, కేబుల్‌తో నొక్కండి. మొదటి మోడల్ అయితే ఎఫ్ 11కు మూసి ఒకటి రెండు సెకన్లకు వెళ్లండి. అనంతశయనుడి విగ్రహం ఎలాగూ కదలదు. ఇంత పెద్ద తెర షట్టర్‌కు సొంత అదురు కూడా ఉంది కాబట్టి స్టాండు మధ్య గొట్టం పైకి లేపకండి, కొక్కేనికి కెమెరా సంచి వేలాడదీసి నేలకు కొంచెం ఆననివ్వండి. స్టాండు వాడకానికి అక్కడి సిబ్బందిని ముందే అడగండి.